కడ్డీకి కట్టిన పీలిక

రెండో ఏప్రాన్ జేబు తిరగేసి బకెట్లో ముంచాను. ఉతికే పనిలో ఉన్నవాళ్ళకు ఇదొక అలవాటు. ఏ బట్ట చేతికి వచ్చినా ముందు జేబులు బయటికి లాగుతాం. ఆసుపత్రి నుంచి వచ్చే బట్టల్లో ఏముంటుందో చెప్పలేం కదా. సూది ఉండొచ్చు, కట్టుడు పళ్ళుండొచ్చు. ఒకసారి ఎవరిదో కళ్ళజోడు చెక్కుచెదరకుండా దొరికింది. ఇంటికి వచ్చినా ఆ అలవాటు పోదు. మా ఆయన చొక్కా విప్పి కుర్చీ మీద వేస్తే, దారిన పోతూ పోతూ దాని జేబులు తిరగేస్తాను. "దొంగని కట్టుకున్నాను దేవుడా" అంటాడాయన.

మూడో ఏప్రాన్ అత్తయ్యది. తొమ్మిది రోజులుగా అది తలుపు వెనక మేకుకు వేలాడుతూనే ఉంది. ఉతుకుతాను ఇమ్మని రెండుసార్లు అడిగాను. "ఉండనీ, మాసిపోలేదులే" అని ఇంకో ఏప్రాన్ వేసుకుని పనికి వస్తోంది. మాతో లాండ్రీలో పనిచేసే చిలక చెయ్యి రోలరు యంత్రంలో పడిన రోజున అత్తయ్య వేసుకున్నది అదే. దాని మీద రక్తపు మరక ఒక్కటి కూడా లేదు. ఆ ఉదయం అత్తయ్య లోపల టీ తాగుతుంటే, ఇక అడగడం మానేసి మేకు మీద నుంచి తీసేశాను.

జేబులో చెయ్యి పెడితే గుడ్డ పీలిక తగిలింది. బయటికి లాగాను. మూరెడు పొడవుంది. పాత దుప్పటి అంచు, దాని మీద ఆసుపత్రి నీలి గీత. ముడి పడిన చోట నలిగి, బిరుసెక్కి ఉంది.

చూడగానే అర్థమైంది. అర్థం కాకుండా ఉండటానికి తొమ్మిది రోజులుగా చాలా కష్టపడ్డాను.

మేం పనిచేసేది ఒక పెద్ద లాండ్రీలో. మూడు ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు అన్నీ మా దగ్గరికే వస్తాయి. ఉతికి పిండిన దుప్పట్లు ఇస్త్రీ కావడానికి మంచమంత వెడల్పున్న రోలరు యంత్రం ఉంది. ముందు ఇద్దరు నిలబడి తడి దుప్పటి అంచులు చెరోవైపు పట్టుకుని వేడి రోలర్ల మధ్యకు అందిస్తారు. వెనక ఇద్దరు అందుకుంటారు. అక్కణ్ణుంచి మడతల బల్ల మీదికి వస్తాయి. నాది మడతల బల్ల. రోలర్లకు బెత్తెడు ముందు, అడ్డంగా ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. ఎవరి వేళ్ళయినా పొరపాటున లోపలికి పోతే ముందు ఆ కడ్డీకి తగులుతాయి. తగలగానే యంత్రం టక్కున ఆగిపోతుంది. ముందు నిలబడే ఇద్దరికీ అదొక్కటే కాపలా.

అయితే వేళ్ళకూ, ముద్దగా ముడతపడ్డ దుప్పటికీ ఆ కడ్డీకి తేడా తెలియదు. ఏది తగిలినా ఆపేస్తుంది. ఆగితే మళ్ళీ తిరగడానికి రెండు మూడు నిమిషాలు పట్టేది. అటు ట్రాలీలు నిండిపోయేవి, ఇటు గడియారం అరిచేవాడు. గడియారం అంటే మా సూపర్‌వైజర్. మణికట్టు చూసుకోకుండా ఆయన ఒక్క మాట మాట్లాడడు. అందుకని ఆడవాళ్ళు ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టారు. చిరిగిన దుప్పటి అంచు పీలిక ఒకటి తీసుకుని, కడ్డీ కదలకుండా పక్కనున్న ఇనుప కాలుకు కట్టేసేవాళ్ళు.

ఆ కడ్డీకి మేం పెట్టుకున్న పేరు అత్తగారు. కాస్త తగిలితే చాలు, పని ఆపించి నిలబెడుతుంది కదా. పొద్దున వచ్చీ రాగానే "అత్తగారి నోరు కట్టారా?" అని ఒకరంటే, "కట్టాం, ఇవాళ ఇక కిక్కురుమనదు" అని ఇంకొకరు. మా అత్తయ్య పక్కనే ఉందే అని నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, అందరికన్నా ఎక్కువ నవ్వేది అత్తయ్యే. కట్టేది కూడా తనే. రోలరు ముందు నిలబడే ఇద్దరిలో పెద్దావిడ పొద్దున కట్టాలి, సాయంత్రం దిగేముందు విప్పాలి. అదీ మా పద్ధతి. గడియారానికి ఈ సంగతి తెలుసు. తెలిసే పది అడుగుల దూరంలో నిలబడి మాట్లాడి వెళ్ళిపోయేవాడు.

చిలక చెయ్యి పడిన రోజున పై ఆఫీసువాళ్ళు వచ్చి చూసేసరికి కడ్డీకి ఏ పీలికా లేదు. కర్రతో తాకి చూశారు. యంత్రం ఆగింది. కడ్డీ బాగానే ఉంది కనుక మనిషే పక్కసందులోంచి చెయ్యి పోనిచ్చి ఉంటుందన్నారు. అత్తయ్య "కడ్డీ మామూలుగానే ఉంది" అన్న కాగితం మీద సంతకం పెట్టింది. "నా వీపు అటుంది, చెయ్యి పడటం చూడలేదు" అన్న కాగితం మీద నేను పెట్టాను. నా మాటలో అబద్ధం లేదు. ఆ మాట పట్టుకునే ఇన్ని రోజులూ వేలాడాను.

"దాన్ని కూడా ఉతుకుతావా?"

వెనక్కి తిరిగాను. అత్తయ్య గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడి ఉంది. తను మెల్లగా గడప మీద కూర్చుని గ్లాసు పక్కన పెట్టింది.

"యంత్రం ఆపే మీట నొక్కింది నేనే," అంది. "రోలరు వెనక్కి తిప్పిందీ నేనే. దాని చెయ్యి బయటికొచ్చింది. తువ్వాలు తెండి, ఐసు తెండి అని అందరూ దాని చుట్టూ మూగారు. నేను నిలబడ్డ చోటే నిలబడిపోయాను. నా చేతులు ముడి విప్పేశాయమ్మాయ్. పదకొండేళ్ళుగా రోజూ విప్పే ముడి. విప్పాక చూసుకుంటే చేతిలో ఇది. జేబులో పెట్టుకున్నాను. అప్పటికి నాకేమీ తోచలేదు."

"మరెప్పుడు తోచింది అత్తయ్యా?"

"గడియారం పరిగెత్తుకొచ్చాడు. కడ్డీ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. తర్వాత టైము చూసుకున్నాడు. అప్పుడు."

బకెట్లో నురగ చప్పుడు కాకుండా చితుకుతోంది. పీలికను నీళ్ళలో వెయ్యాలో వద్దో తెలియక అలాగే పట్టుకున్నాను. అత్తయ్య చెయ్యి చాపి తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి, కళ్ళు తుడుచుకునే రుమాల్లో చుట్టి, చేతిసంచిలో వేసుకుంది.

గురువారం పదింటికి విచారణ. ఆ రోజు మంగళవారం. తప్పు చిలకదే అని తేలితే దాని ఉద్యోగం పోతుంది. లాండ్రీ వెనకాల వరసగదుల్లో దానికిచ్చిన గది కూడా పోతుంది. మొగుడు లేడు. బడికి వెళ్ళే కూతురుంది. కడ్డీ కట్టి ఉండగా పని జరిగిందని తేలితే మాత్రం కంపెనీ దాన్ని వదిలించుకోలేదు. ఒంటి చేత్తో చెయ్యగలిగిన తేలిక పని ఇచ్చి తీరాలి. ఈ తేడా మా హాల్లో అందరికీ తెలుసు. తెలిసీ అందరం దుప్పట్లు మడుస్తూనే ఉన్నాం.

మా అత్తయ్యను పనిలోనూ చర్చిలోనూ అందరూ పెద్దమ్మ అంటారు. భయానికి పెద్దమ్మ చేత ప్రార్థన చేయించుకోవాలని మా చుట్టుపక్కల పేరు. పరీక్షలకు భయపడే పిల్లలు, నెలలు నిండినవాళ్ళు, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచేవాళ్ళు, అందరూ ఆవిడ దగ్గరికే వస్తారు. ఆవిడ వాళ్ళ తల మీద చెయ్యి పెట్టి గొంతెత్తి మొదలుపెడితే పక్కింటి రేడియో కట్టేస్తారు. మా చర్చి అయ్యగారు కూడా ఒకసారి నవ్వుతూ అన్నారు, "నా ప్రసంగం కన్నా పెద్దమ్మ ప్రార్థనే పొడుగు" అని.

నా సంగతి వేరు. కూటంలో వరసగా ప్రార్థన చేస్తూ నా వంతు వస్తే "స్తోత్రం" అని ఒక్కమాట అనేసి పక్కవాళ్ళకు వదిలేస్తాను, పరీక్షలో తెల్లకాగితం ఇచ్చేసినట్టు. మా ఊరి బడిలో కూడా లేచి నిలబడి పద్యం అప్పజెప్పమంటే నా నోరు పెగిలేది కాదు.

ఆ సాయంత్రం కుట్టుపని చేసుకునే పక్కింటావిడ వచ్చింది. కంటికి ఆపరేషనట, చేతులు వణుకుతున్నాయంది. అత్తయ్య ఎప్పటిలాగే చాప వేసి కూర్చోబెట్టింది. ప్రార్థన మొదలుపెట్టింది. మాటలు ధారగా వచ్చాయి. పక్కింటావిడ ఏడ్చింది, తేలిగ్గా ఉందంది, వందనాలు చెప్పి వెళ్ళింది. అత్తయ్య మాత్రం చాప మీద నుంచి లేవలేదు.

"నా మాటలు పైకప్పు దాటలేదమ్మాయ్," అంది. "రేకుకు తగిలి రాళ్ళలాగా మళ్ళీ నా మీదే పడ్డాయి."

నేను చాప చుట్టబోయి ఆగిపోయాను.

"దేనికి భయమో చెప్పనా?" అంది. "ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. అదీ ఉందిలే. దాని కన్నా... రేపు వీధిలో పోతుంటే పెద్దమ్మా అని పిలవరేమోనని. అదిగో ఆవిడేనట, చెయ్యి నలుగుతుంటే పీలిక దాచుకుందట అంటారేమోనని. ఈ వయసులో నేను ఏం పట్టుకుని వేలాడుతున్నానో చూడు."

భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పింది. ఆయన లాండ్రీ వ్యాను నడుపుతాడు. ఆసుపత్రుల నుంచి మాసినవి తేవడం, ఉతికినవి ఇచ్చి రావడం. మధ్యలో ఒక ఏడాది పాటు పని లేక ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఏడాదిలో వచ్చిన చిరాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"నీకే."

"నాకు కూడా చెప్పలేదనుకో. నేనూ వినలేదనుకుంటా."

"అది కాదురా, చిలక..."

"చిలక వేళ్ళు నువ్వు కొరికావా? అందరూ కడతారమ్మా దాన్ని. అందరూ నోరు మూసుకుని కూర్చుంటే నీకేంటి, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారా?"

"కట్టింది నేను. విప్పిందీ నేను."

"సాక్ష్యం చెప్పాలని అంత సరదాగా ఉంటే ఆదివారం చర్చిలో చెప్పుకో. అక్కడైతే చప్పట్లు కొడతారు. ఇక్కడ గెంటేస్తారు." ఆ మాట అన్నాక ఆయనకే బాగోలేదు. నీళ్ళు తాగి, గొంతు తగ్గించాడు. "అమ్మా, రిటైరవడానికి నీకు ఇంకొక్క ఏడాదే ఉంది. పోనీ చెప్పావే అనుకో, నీ ఒక్కదాని మాట ఎవరు నమ్ముతారు? మొదట సంతకం పెట్టిందీ నువ్వే. దాని మీద జాలితో ఇప్పుడు కథ అల్లుతోందంటారు. మిగతావాళ్ళలో ఒక్కరు కూడా నోరు తెరవరు. కొరివితో తల గోక్కోవడం తప్ప ఇందులో ఏముంది?"

అత్తయ్య కంచంలో చెయ్యి కడుక్కుంది. ఆయన చెప్పిన దాంట్లో తప్పు నాకూ కనిపించలేదు. అందుకే నాకు మరీ అలసటగా అనిపించింది. గిన్నెలు కడిగి బోర్లించాను.

బుధవారం పని దిగాక అత్తయ్య ఇంటి వైపు కాకుండా వెనక వరసగదుల వైపు నడిచింది. నేనూ వెంట వెళ్ళాను. చిలక గది తలుపు తీసే ఉంది. మంచం మీద కూర్చుని, ఒళ్ళో దిండు, దిండు మీద కూతురి నోటుపుస్తకం పెట్టుకుని ఏదో రాస్తోంది. కుడిచెయ్యి కట్టుతో లావుగా, ఒక పక్కన పడేసిన వస్తువులాగా ఉంది. మూడు వేళ్ళు తీసేశారు.

"రా పెద్దమ్మా! చెల్లీ, నువ్వూ రా. ఏంటలా చూస్తారు, పెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చినట్టు? కూర్చోండి. కుర్చీ మీది బట్టలు కింద పడెయ్యి చెల్లీ, మడతపెట్టకు. మడతలు చూస్తేనే వాంతొస్తోంది నాకు."

చిలకకు ఆ పేరు ఊరికే రాలేదు. రోలరు హోరులో కూడా దాని గొంతు వినిపించేది.

"ఏంటే రాస్తున్నావు?" అంది అత్తయ్య.

"సంతకం." పుస్తకం తిప్పి చూపించింది. పేజీ నిండా దాని పేరు, ఒక్కోటి ఒక్కో వైపు ఒరిగి ఉంది. "ఎడం చేత్తో పెట్టాలిగా. రేపటికల్లా రావాలి. చూడు, కోడి గీరినట్టుంది. 'అమ్మా నువ్వు ఒకటో తరగతి ఫెయిలు' అంటోంది మా పిల్ల."

"దేని మీద పెట్టడానికి?"

"నా అజాగ్రత్త వల్లే అయిందన్న కాగితం మీద. గడియారం మొన్న వచ్చి చదివి వినిపించాడు. పెడితే బడి సెలవులు ఇచ్చేదాకా గదిలో ఉండనిస్తారట. పెట్టకపోతే వెంటనే ఖాళీ. నీ మేలు కోరి చెప్తున్నానన్నాడు. మణికట్టు చూసుకుంటూ అన్నాడులే."

అత్తయ్య చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కాసేపటికి రుమాలు తీసి విప్పింది. పీలిక మంచం మీద పెట్టింది.

"ఆ రోజు కడ్డీ కట్టి ఉంది చిలకా."

"తెలుసు."

"తర్వాత విప్పేశాను."

"అదీ తెలుసు పెద్దమ్మా. కింద కూలబడి ఉన్నాను కదా, నాకు నీ చేతులే కనిపిస్తున్నాయి. అంత మంటలోనూ అనుకున్నాను, చూడు ఈవిడ, ఇప్పుడు కూడా మర్చిపోకుండా విప్పేస్తోంది అని."

"మరి ఎందుకు చెప్పలేదే?"

"చెబితే వేళ్ళు మొలుస్తాయా?" చిలక పెన్సిలు కింద పెట్టింది. "రోజూ కట్టమని నీ ప్రాణం తీసేది నేనేగా. నేను చేరిన కొత్తలో జ్వరంతో పడిపోతే రెండు రోజులు నా వంతు కూడా నువ్వే లాగావు. ఇద్దరం మునగడమెందుకు? ఒకళ్ళం మునిగితే చాలు." నోటుపుస్తకం మూసి పక్కన పెట్టింది. "కోపం లేదనుకోకు. నాలుగు రోజులు నిన్ను తిట్టాను. నాకొచ్చిన తిట్లన్నీ అయిపోయాయి. కొత్తవి నేర్చుకునే ఓపిక లేదు. పీలిక తీసుకెళ్ళు పెద్దమ్మా. ఇంట్లో పొయ్యిలో పడెయ్యి."

అత్తయ్యకు కావలసింది దొరికేసింది. క్షమించమని నోరు తెరవకుండానే క్షమాపణ చేతికొచ్చింది. లేచి ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. ఆవిడ ముఖం చూశాను. తేలికపడినట్టు లేదు. బరువు మోస్తున్న మనిషి నెత్తిన ఇంకొకరు ఇంకో మూట పెడితే మెడ ఎలా వంగుతుందో అలా వంగింది.

"ఒక్క పని చెయ్యి," అంది చిలక. గొంతు మారింది. "లేని వేళ్ళు దురద పెడుతున్నాయి. గోక్కుందామని చూస్తే అక్కడేమీ లేదు. పిచ్చెక్కుతోందేమోనని భయమేస్తోంది పెద్దమ్మా. పిల్ల ముందు ఏడవలేను. ఒకసారి ప్రార్థన చెయ్యి."

అత్తయ్య దాని తల మీద చెయ్యి పెట్టింది. "ప్రభువా" అంది. ఆ తర్వాత ఏమీ రాలేదు. మళ్ళీ "ప్రభువా" అంది. పెదవులు ఎండిపోయాయి. చెయ్యి దించేసింది.

"నా వల్ల కాదమ్మాయ్," అని నా వైపు తిరిగింది. "నువ్వు చెయ్యి."

నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ చూపు మరల్చలేదు. చిలక కళ్ళు మూసుకుని కూర్చుంది. ఇక తప్పించుకోవడానికి పక్కన ఇంకొకరు లేరు.

"ప్రభువా," అన్నాను, "అక్కకు నొప్పిగా ఉంది. లేని వేళ్ళు దురద పెడుతున్నాయి. నువ్వు చేసిన వేళ్ళే కదా, నీకే తెలియాలి. అత్తయ్యకు భయంగా ఉంది. నాకు కూడా భయంగా ఉంది. ఏం చెయ్యాలో మాకు తెలుసు. కాళ్ళు రావడం లేదు. నువ్వు పక్కన నడువు. ఆమేన్."

చిలక ఒక కన్ను తెరిచింది. "అయిపోయిందా? పెద్దమ్మయితే ఈపాటికి ఇంకా సృష్టి దగ్గరే ఉండేది."

ముందు అత్తయ్యే నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపైంది. చిలక ఎడం చెయ్యి చాపి ఆవిడ భుజం పట్టుకుంది. "ఊరుకో, ఊరుకో, ఏడుపు నాది కదా, నువ్వెందుకు తీసుకుంటావు" అంటూ తనూ ఏడ్చింది. వచ్చేటప్పుడు అత్తయ్య పీలికను మళ్ళీ రుమాల్లో చుట్టి సంచిలో వేసుకుంది. చిలక చూసింది. పొయ్యి సంగతి ఇక ఎత్తలేదు.

ఇంటి దారిలో అత్తయ్య మెల్లగా నడిచింది. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. పదకొండేళ్ళు నిలబడి చేసిన పని. లాండ్రీ గోడ దాటాక అంది, "ఏం చెయ్యాలో మాకు తెలుసు అన్నావు."

"నోటికొచ్చింది అత్తయ్యా."

"నేను నలభై ఏళ్ళుగా ప్రార్థన చేస్తున్నాను. ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఎప్పుడూ దారి చూపించు, దారి చూపించు అనేదాన్ని."

గురువారం రోలరు హాలు మూశారు. పిలిచినవాళ్ళు మాత్రమే రావాలన్నారు. పిలిచినవాళ్ళలో అత్తయ్య ఉంది. చూడలేదని రాసిచ్చాను కనుక నన్ను పిలవలేదు. పొద్దున లేచేసరికి అత్తయ్య మంచం పక్కన మోకాళ్ళ మీద ఉంది. చాలాసేపు అలాగే ఉంది. ఒక్క మాట కూడా వినిపించలేదు. ఆవిడ నోరు మెదపకుండా ప్రార్థన చెయ్యడం నేను అదే చూడటం. లేచేటప్పుడు మంచంకోడు పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. నేను వెళ్ళి చెయ్యి అందించాను. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది.

"భయం తగ్గిందా అత్తయ్యా?"

"ఎక్కడ తగ్గింది?" అంది. "తగ్గాక వెళ్దామని ఇన్ని రోజులు కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరికీ పోతుంది, పోతుంది అనే చెప్పాను. అది పోదు కాబోలు. అది ఉండగానే ప్రభువు వచ్చి పక్కన నిలబడతాడు కాబోలు. ఇన్నేళ్ళూ సరిగ్గా చెప్పానో లేదో."

తల దువ్వుకుంది. మంచి చీర కట్టుకోలేదు, పనికి వెళ్ళేదే కట్టుకుంది. తెల్లవారుజామున ఒక ట్రిప్పు తిప్పి వచ్చిన మా ఆయన గోడకు ఆనుకుని టీ తాగుతున్నాడు. తల్లి చెప్పులు వేసుకోవడం చూశాడు.

"చెప్పబోతున్నావన్నమాట."

"అవున్రా."

"నా మాట లెక్కలేదు."

"నీ మాటలో తప్పేం లేదు. అయినా వెళ్తాను." ఆయన తల మీద చెయ్యి పెట్టబోయి, మధ్యలోనే ఆపి, భుజం తట్టింది. నా వైపు చూసి, "పాలు పొంగుతాయి చూడు" అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూశాను. గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తోంది.

పొయ్యి తగ్గించాను. మా ఆయన ఖాళీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"చూస్తూ ఉండు ఏం జరుగుతుందో," అన్నాడు. అరవలేదు. చాలా అలసిపోయిన గొంతు. "చెబుతుంది. విన్నాక వాళ్ళు మిగతావాళ్ళను అడుగుతారు, కడ్డీ కట్టడం ఎవరైనా చూశారా అని. అందరూ నేల చూస్తారు. గడియారం నాకేం తెలీదంటాడు. ముసలామె స్నేహితురాలి కోసం కట్టుకథ చెబుతోందని రాసుకుంటారు. చిలక ఉద్యోగం ఎలాగూ దక్కదు. అమ్మదీ పోతుంది. పేరూ పోతుంది. ఒక్క మనిషి తోడు చెబితే అది వేరే. ఎవరు చెబుతారు?"

నేను గిన్నె మీద మూత పెట్టాను.

"నువ్వు చూడలేదని రాసిచ్చావు. మంచి పని చేశావు. అలాగే ఉండు. ఇంట్లో ఒక్కళ్ళకైనా పని మిగలాలి."

చెయ్యి పడటం నేను చూడలేదు. అది నిజం. కానీ రోజూ పొద్దున ఏప్రాన్ తాడు కట్టుకుంటూ నేను నిలబడే చోటు నుంచి రోలరు ముందు భాగం బాగా కనిపిస్తుంది. ఆ రోజు కూడా కనిపించింది. అత్తయ్య వంగి పీలిక చుట్టడం, ముడి జారుతుంటే ఒక కొస పళ్ళతో పట్టి బిగించడం, చిలక "గట్టిగా పెద్దమ్మా, గట్టిగా" అనడం, అన్నీ చూశాను, విన్నాను. పై ఆఫీసాయన నన్ను చెయ్యి పడటం చూశావా అని అడిగాడు. కట్టడం చూశావా అని అడగలేదు. అడగలేదు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరే పదకొండు రోజులుగా నా గొంతులో అడ్డుపడి ఉంది.

ఆఫీసు గది గుర్తొచ్చింది. పొడుగు బల్ల, బల్లకు అటు కుర్చీల్లో కూర్చున్న మగవాళ్ళు, ఇటు నిలబడ్డ ఒక్క మనిషి. అక్కడ లేచి మాట్లాడాలంటే బడిలో పద్యం అప్పజెప్పలేని నా నోరే కావాలి. వేరే నోరు నాకు లేదు. నిన్న చిలక గదిలో అన్న మాటలే మళ్ళీ లోపల అనుకున్నాను. కొత్త మాటలు రాలేదు. పక్కన నడువు, పక్కన నడువు అని రెండుసార్లు అనుకున్నాను. భయం అలాగే ఉంది. గోడ గడియారంలో తొమ్మిదిన్నర అయింది. అత్తయ్య నడక లెక్కన ఈపాటికి వీధి చివర ఉంటుంది.

పొయ్యి ఆర్పాను. తడి చేతులు తుడుచుకున్నాను. కొంగు సర్దుకుని, గుమ్మం పక్కన ఉన్న చెప్పులు కాళ్ళతో వెతుక్కున్నాను.

"నువ్వెక్కడికి?" అన్నాడు మా ఆయన.

ఆయన వైపు ఒకసారి చూశాను. ఆయన లేవబోయి లేవలేదు. నేను తలుపు తీసుకుని మెట్లు దిగాను.